ఇన్‌లైన్ అయిందా, లేదా? సాక్ష్యం మెషీన్ కోడ్‌లో ఉంటుంది

సీ ప్లస్ ప్లస్ వైవాలో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఇన్‌లైన్ ఫంక్షన్ అంటే ఏమిటి?" ఇంజనీరింగ్ విద్యార్థులు చాలామంది తడుముకోకుండా జవాబిస్తారు: "అది కంపైలర్‌కు మనం చేసే విన్నపం మాత్రమే, ఆజ్ఞ కాదు." ఆ జవాబు సరైనదే. కానీ దాని వెంటే రావలసిన ప్రశ్న మాత్రం క్లాసులో అరుదుగా వినబడుతుంది. విన్నపం చేశాం సరే, కంపైలర్ దాన్ని మన్నించిందా? మన్నించిందో లేదో తెలిసేదెలా?

సోర్సు కోడ్‌ను ఎంతసేపు చూసినా ఇది తేలదు. ఇన్‌లైన్ అని రాసిన ఫంక్షన్‌ను కంపైలర్ పక్కన పెట్టవచ్చు. ఆ మాటే రాయని ఫంక్షన్‌ను తనంతట తాను ఇన్‌లైన్ చేయవచ్చు. ఒకే ఫంక్షన్‌ను ఒకచోట ఇన్‌లైన్ చేసి, పక్క లైనులో మామూలుగా పిలవనూ వచ్చు. కాబట్టి "ఈ ఫంక్షన్ ఇన్‌లైన్ అయిందా?" అనే ప్రశ్నే అసంపూర్ణం. "ఏ కాల్ దగ్గర? ఏ కంపైలర్‌తో, ఏ ఆప్షన్లతో తయారైన ప్రోగ్రాంలో?" అని కూడా అడిగితేనే అది పూర్తవుతుంది. ఎలా పరీక్షించాలన్నది ఆ తర్వాతి సంగతి.

ఎడ్‌శాక్ నాటి రెండు దారులు

ఒక ఫంక్షన్‌ను పిలిచినప్పుడు ప్రాసెసర్ తానున్న చోటును గుర్తు పెట్టుకుని, మరోచోటికి వెళ్ళి, అక్కడి సూచనలు అమలు చేసి, మళ్ళీ పాత చోటికి రావాలి. వంటల పుస్తకంలో పప్పు చేసే పద్ధతి మధ్యలో "తాలింపు కోసం 12వ పేజీ చూడండి" అని ఉంటే, పేజీ తిప్పి చదివి మళ్ళీ వెనక్కి రావాలి కదా. అలా కాకుండా తాలింపు నాలుగు వాక్యాలనూ పప్పు కిందే రాసేస్తే పేజీ తిప్పే పని తప్పుతుంది, పుస్తకం మాత్రం కాస్త లావెక్కుతుంది. పిలుపును తీసేసి, ఆ స్థానంలో ఫంక్షన్ శరీరాన్నే ఉంచడం ఇన్‌లైనింగ్.

ఈ ఆలోచనకు దాదాపు కంప్యూటర్లంత వయసుంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్‌శాక్ యంత్రం 1949 మే 6న తన మొదటి ప్రోగ్రాంను నడిపింది. దాన్ని నడిపిన బృందంలోని మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ 1951లో ప్రోగ్రామింగ్‌పై ఒక పుస్తకం ప్రచురించారు. సబ్‌రొటీన్లు రెండు రకాలని వారు అందులో వివరించారు. అవసరమైన ప్రతిచోటా నకలు రాసుకునేది ఓపెన్ సబ్‌రొటీన్. ఒక్కచోటే ఉండి, పిలిచినప్పుడు పనిచేసి, పిలిచిన చోటికి తిరిగి పంపేది క్లోజ్డ్ సబ్‌రొటీన్. ఎడ్‌శాక్‌లో తిరిగి వెళ్ళడానికంటూ ప్రత్యేకమైన సూచన లేదు. అందుకని సబ్‌రొటీన్ తన చివరి సూచనను తానే దిద్దుకుని, పిలిచినవారి చిరునామాను అందులో పెట్టుకునేలా వీలర్ ఒక పద్ధతి కనిపెట్టారు. అదే వీలర్ జంప్.

ఆ రోజుల్లో ఓపెనా, క్లోజ్డా అన్నది ప్రోగ్రామరే నిర్ణయించుకునేవారు. తన చేత్తో రాసిందాన్ని మళ్ళీ పరీక్షించే అవసరం ఎవరికీ రాలేదు. తర్వాతి దశాబ్దాల్లో ఆ నిర్ణయం కంపైలర్ చేతికి వెళ్ళింది. ఐబీఎంలో పనిచేసిన ఫ్రాన్సిస్ అలెన్, జాన్ కాక్ 1970ల మొదట్లో కంపైలర్ మెరుగులన్నిటినీ ఒక జాబితాగా కూర్చారు. పిలిచిన ఫంక్షన్‌ను పిలిచేదానిలో కలిపేయడం ఆ జాబితాలో ఉంది. అలెన్ 2006లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న తొలి మహిళ అయ్యారు. నిర్ణయం మనిషి నుంచి యంత్రానికి మారాక, ఆ నిర్ణయం ఏమిటో తెలుసుకోవలసిన అవసరం మనకు ఏర్పడింది.

కంపైలర్ వేసే లెక్క

ఇన్‌లైనింగ్ వల్ల కాల్, రిటర్న్ సూచనలు రెండూ తగ్గుతాయి, అయితే అది చిన్న లాభమే. ఫంక్షన్ లోపలి కోడ్ పిలిచేవారి కోడ్‌తో కలిసినప్పుడు కంపైలర్ రెండింటినీ ఒకేసారి చూడగలుగుతుంది. పంపిన విలువ ఎప్పుడూ 12 అని తెలిస్తే లెక్కను అప్పటికప్పుడే చేసేస్తుంది. ఎన్నటికీ నిజం కాని షరతును దాని కింది కోడ్‌తో సహా కొట్టేస్తుంది. లూపులో పిలుపు అడ్డు తొలగితే, ఒకేసారి పలు విలువల మీద పనిచేసే వెక్టర్ సూచనలు వాడగలుగుతుంది. అసలు లాభం ఇక్కడుంది.

నష్టమూ ఉంది. నకళ్ళు పెరిగేకొద్దీ కోడ్ పెరుగుతుంది. ప్రాసెసర్ సూచనలను దగ్గర ఉంచుకునే తొలిస్థాయి క్యాష్ చాలా చిప్‌లలో 32 కిలోబైట్లే. అందులో పట్టనంతగా కోడ్ ఉబ్బితే, వేగం కోసం చేసిన పనే వేగాన్ని తగ్గిస్తుంది.

అందుకే కంపైలర్ ప్రతి పిలుపు దగ్గరా లాభనష్టాల లెక్క వేస్తుంది. క్లాంగ్ అనే కంపైలర్ వెనక ఉన్న ఎల్ఎల్‌వీఎంలో ఈ లెక్క అంకెల్లోనే కనబడుతుంది. ఒక్కో సూచనకు 5 చొప్పున ఖర్చు వేసి, పిలుపు పోవడం వల్ల, స్థిర విలువల వల్ల మిగిలేదాన్ని అందులోంచి తీసేస్తుంది. వచ్చిన మొత్తం పరిమితి దాటకపోతే ఇన్‌లైన్ చేస్తుంది. మామూలుగా ఆ పరిమితి 225, మెరుగులు ఎక్కువగా కోరే -ఓ3 స్థాయిలో 250. సైజు తగ్గించమని -ఓఎస్ ఇస్తే అది 50కి, -ఓజెడ్ ఇస్తే 5కి పడిపోతుంది. మనం రాసిన ఇన్‌లైన్ మాట ఆ పరిమితిని కాస్త పెంచుతుంది, అంతే. తీర్పు మాత్రం లెక్కదే.

కంపైలర్ మారితే లెక్కా మారుతుంది. ఇన్‌లైన్ అని రాయని మామూలు ఫంక్షన్లను కూడా విరివిగా పరిశీలించే ఆప్షన్ జీసీసీ అనే మరో కంపైలర్‌లో చాలాకాలం -ఓ3లోనే ఉండేది. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి అది -ఓ2లోనూ పనిచేస్తోంది. సోర్సులో ఒక్క అక్షరం మార్చకపోయినా, కంపైలర్‌ను కొత్తదిగా మార్చినంత మాత్రాన పాత సమాధానం చెల్లకపోవచ్చు.

దగ్గరగా ఒక ఉదాహరణ

ఒక పూర్ణాంకాన్ని తీసుకుని దాన్ని దానితోనే గుణించి ఇచ్చే చిన్న ఫంక్షన్ రాద్దాం. దాని పేరు "వర్గం" అనుకుందాం. "మొత్తం" అనే మరో ఫంక్షన్ రెండు అంకెలు తీసుకుని, వర్గాన్ని రెండుసార్లు పిలిచి, వచ్చిన ఫలితాలను కూడి ఇస్తుంది. ఏ మెరుగులూ వద్దంటూ -ఓ0తో జీసీసీకి ఇచ్చి, తయారైన అసెంబ్లీలో "మొత్తం" కింద చూస్తే ఈ జంట రెండుసార్లు కనబడుతుంది:

మూవ్ ఈడీఐ, ఈఏఎక్స్
కాల్ వర్గం

మొదటి సూచన విలువను రిజిస్టర్‌లో సిద్ధం చేస్తుంది, రెండోది పిలుస్తుంది. ఇక్కడ ఇన్‌లైనింగ్ లేదు. మెరుగులు ఆపేసినప్పుడు, తప్పనిసరి అని ప్రత్యేకంగా గుర్తు పెట్టిన ఫంక్షన్లను తప్ప వేటినీ జీసీసీ ఇన్‌లైన్ చేయదు. ఇన్‌లైన్ అని రాసి ఉన్నా చేయదు. డీబగ్ బిల్డును చూసి "ఇన్‌లైన్ కాలేదు" అని తేల్చేస్తే పొరపాటు పడేది ఇందుకే.

ఇప్పుడు అదే ఫైలును -ఓ2తో ఇస్తే "మొత్తం" ఇలా తేలుతుంది:

ఐమల్ ఈడీఐ, ఈడీఐ
ఐమల్ ఈఎస్ఐ, ఈఎస్ఐ
లీ ఈఏఎక్స్, [ఆర్‌డీఐ+ఆర్‌ఎస్ఐ]
రెట్

కాల్ అనే మాటే లేదు. మొదటి రెండు సూచనలు రెండు అంకెలనూ వాటితోనే గుణిస్తున్నాయి, మూడోది వాటిని కూడుతోంది. వర్గం ఫంక్షన్ శరీరం రెండు నకళ్ళుగా ఇక్కడికి వచ్చి కూర్చుంది. వర్గానికి 12 పంపి ఫలితాన్ని ఇచ్చే ఇంకో ఫంక్షన్ రాస్తే, గుణకారం కూడా కనబడదు. 144 అనే అంకెను రిజిస్టర్‌లో పెట్టి వెనుదిరిగే రెండే సూచనలు మిగులుతాయి.

ఇది చూడడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. -ఎస్ ఆప్షన్ ఇస్తే జీసీసీ అసెంబ్లీని ఫైలులో రాసిపెడుతుంది. తయారైన ప్రోగ్రాంను విప్పి చూడాలంటే ఆబ్జ్‌డంప్ ఉంది. బ్రౌజర్‌లోనే ఒకపక్క సోర్సు, మరోపక్క అసెంబ్లీ పెట్టుకుని చూడాలంటే మ్యాట్ గాడ్‌బోల్ట్ 2012లో మొదలుపెట్టిన కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ ఉంది. ఏ సోర్సు లైను ఏ సూచనగా మారిందో అది రంగులతో చూపిస్తుంది. ఇన్‌లైనింగ్‌ను మొదటిసారి కళ్ళారా చూడాలనుకునే విద్యార్థికి అంతకంటే మంచి చోటు లేదు.

పక్కదారి పట్టించే ఆనవాళ్ళు

కాల్ లేకపోతే ఇన్‌లైన్ అయినట్టు, ఉంటే కానట్టు అనే సూత్రం చాలావరకు పనిచేస్తుంది. పనిచేయని సందర్భాలు తెలిసి ఉండాలి.

మొదటిది, పేరు మిగిలిపోవడం. ప్రోగ్రాంలోని పేర్లను చూపే ఎన్ఎం పనిముట్టును నడిపితే, అన్నిచోట్లా ఇన్‌లైన్ అయినా "వర్గం" పేరు ఇంకా కనబడవచ్చు. ఆ ఫంక్షన్‌ను వేరే ఫైలు ఏదైనా పిలవవచ్చు కాబట్టి కంపైలర్ ఒక విడి ప్రతిని ఉంచుతుంది. పేరు ఉన్నంత మాత్రాన ఇన్‌లైన్ కాలేదని అర్థం కాదు. అదే ఫంక్షన్‌ను స్టాటిక్ అని రాసి, అన్ని పిలుపులూ ఇన్‌లైన్ అయితే, విడి ప్రతి అవసరం తీరి పేరు కూడా పోతుంది.

రెండోది, జంప్ వేషంలో ఉన్న పిలుపు. ఒక ఫంక్షన్ చివరి పని మరో ఫంక్షన్‌ను పిలిచి దాని ఫలితాన్ని అలాగే తిరిగి ఇవ్వడమైతే, కంపైలర్ కాల్, రెట్ రెండింటి బదులు ఒక్క జంప్ సూచన పెడుతుంది. దీన్ని టెయిల్ కాల్ అంటారు. అసెంబ్లీలో కాల్ కోసం మాత్రమే వెతికేవారికి ఇది ఇన్‌లైన్ అయినట్టే కనబడుతుంది. ఆ జంప్ మరో ఫంక్షన్ పేరు మీదికి వెళ్తోందంటే పిలుపు ఇంకా బతికే ఉంది.

మూడోది, అసలు పనే మాయమవడం. ఫంక్షన్ ఫలితాన్ని ఎవరూ వాడకపోతే, దానివల్ల బయట ఏ మార్పూ రాకపోతే, కంపైలర్ ఆ పిలుపును పూర్తిగా తీసేస్తుంది. వేగం కొలవడానికి రాసే చిన్న పరీక్షల్లో ఇది తరచూ జరుగుతుంది. కాల్ కనబడదు, శరీరమూ కనబడదు. "ఇన్‌లైన్ చేయడంతో ఎంత వేగం!" అని సంబరపడితే, కొలిచింది ఖాళీ లూపును.

నాలుగోది, సగం ఇన్‌లైన్. ఫంక్షన్ మొదట్లో ఒక చిన్న షరతు, అది దాటాక పెద్ద పని ఉంటే, జీసీసీ ఆ షరతును మాత్రం పిలిచేచోటికి తెచ్చి, మిగిలిన పెద్ద భాగాన్ని వేరే ఫంక్షన్‌గా విడగొట్టగలదు. అప్పుడు పేరు చివర చుక్క, పార్ట్ అనే మాట, ఒక అంకె చేరతాయి. కాన్‌స్ట్‌ప్రాప్ అనే తోక కనబడితే, ఏదో స్థిర విలువ కోసం ప్రత్యేకంగా చేసిన నకలు అది. దాన్ని ఇంకా పిలుస్తూనే ఉన్నారని అర్థం.

అయిదోది, తొందరపడి చూడడం. ఒక ఫైలులోని ఫంక్షన్‌ను మరో ఫైలు పిలిచినప్పుడు దాని శరీరం కంపైలర్‌కు కనబడదు, కాబట్టి ఇన్‌లైన్ చేయలేదు. అయితే లింకు చేసేటప్పుడు మెరుగులు దిద్దే ఎల్‌టీవో వాడితే ఆ హద్దు చెరిగిపోతుంది. అప్పుడు మధ్యలోని ఆబ్జెక్టు ఫైళ్ళు చెప్పేది తుది మాట కాదు. విడుదలయ్యే ప్రోగ్రాంనే విప్పి చూడాలి.

షేర్డ్ లైబ్రరీల సంగతి మరోటి. బయటికి కనబడే ఫంక్షన్ స్థానంలో ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు వేరే ఫంక్షన్‌ను ప్రవేశపెట్టే హక్కు లైనక్స్‌లో వాడుకరికి ఉంది. ఆ హక్కును కాపాడడం కోసం, లైబ్రరీగా కడుతున్నప్పుడు అలాంటి ఫంక్షన్లను జీసీసీ తమ సొంత ఫైలులో కూడా ఇన్‌లైన్ చేయకుండా ఆగుతుంది. మామూలు ప్రోగ్రాంగా కట్టినప్పుడు ఇన్‌లైన్ అయిన పిలుపు, లైబ్రరీగా కట్టినప్పుడు నిలిచిపోతుందన్నమాట. పైథాన్ 3.10 తయారీలో ఈ జాగ్రత్త అక్కర్లేదని జీసీసీకి చెప్పే ఆప్షన్‌ను మెరుగుల బిల్డులో చేర్చారు. షేర్డ్ లైబ్రరీ రూపంలో జీసీసీతో కట్టిన పైథాన్ ఇంటర్‌ప్రెటర్ దాంతో 30 శాతం వరకు వేగం పుంజుకుందని పైథాన్ విడుదల పత్రమే చెబుతోంది.

కంపైలర్‌నే అడగడం

అసెంబ్లీ ఏం జరిగిందో చెబుతుంది, ఎందుకు జరిగిందో చెప్పదు. కారణం కావాలంటే కంపైలర్‌ను అడగాలి. జీసీసీకి -ఎఫ్ఆప్ట్-ఇన్ఫో-ఇన్‌లైన్ అనే ఆప్షన్ ఇస్తే దేన్ని దేనిలో కలిపిందో వరసగా చెబుతుంది. చివర మిస్డ్ అని చేరిస్తే వదిలేసిన పిలుపులను, వాటి కారణాలను చెబుతుంది. శరీరం అందుబాటులో లేదనేది అందులో తరచూ కనబడే కారణం. -డబ్ల్యూఇన్‌లైన్ ఇస్తే, మనం ఇన్‌లైన్ అని రాసినా చేయని చోట హెచ్చరిస్తుంది.

క్లాంగ్‌లో -ఆర్‌పాస్, -ఆర్‌పాస్-మిస్డ్ అనే జంట ఉంది. ఫలానా లైనులో ఫలానా పిలుపు ఇన్‌లైన్ అయింది, ఖర్చు ఇంత, పరిమితి ఇంత అని అంకెలతో సహా చెబుతుంది. చిన్న ఫంక్షన్లకు ఖర్చు సున్నా కంటే తక్కువ పడుతుంది, అంటే నకలు పెట్టడం వల్ల కోడ్ పెరగకపోగా తగ్గుతుందని దాని అంచనా. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లో ఇన్‌లైన్ చేయని ఫంక్షన్లకు 4710, తనంతట తాను చేసినవాటికి 4711 అనే నంబర్లతో హెచ్చరికలున్నాయి. అవి మామూలుగా మూసి ఉంటాయి, మనమే తెరవాలి. గో భాషలో కంపైలర్‌కు -ఎం ఇస్తే ఏది ఇన్‌లైన్ చేయదగినదో, ఎక్కడ చేసిందో రెండూ విడివిడిగా చెబుతుంది. జావాలో ఈ నిర్ణయం ప్రోగ్రాం నడుస్తుండగానే జరుగుతుంది కాబట్టి, ప్రింట్‌ఇన్‌లైనింగ్ ఆప్షన్‌తో వర్చువల్ మెషీన్‌నే అడగాలి.

డీబగ్ సమాచారం ఇంకో నమ్మకమైన సాక్షి. -జీ ఆప్షన్‌తో కట్టిన ప్రోగ్రాంలో ఇన్‌లైన్ అయిన పిలుపులు డ్వార్ఫ్ అనే పద్ధతిలో నమోదవుతాయి. ఏ ఫంక్షన్, ఏ లైను దగ్గర కలిసింది, ఏ చిరునామాల మధ్య ఉంది అన్నవన్నీ అందులో దొరుకుతాయి. జీడీబీలో ఇన్‌లైన్ అయిన ఫంక్షన్ లోపల ఆగి ఇన్ఫో ఫ్రేమ్ అని అడిగితే, అది ఏ ఫ్రేములో ఇన్‌లైన్ అయిందో చెబుతుంది. అసెంబ్లీలో సూచనలు కలగాపులగమై ఏది ఎవరిదో తెలియనప్పుడు ఈ నమోదు దారి చూపిస్తుంది.

తప్పనిసరిగా ఇన్‌లైన్ కావాలంటే పరీక్షను కంపైలర్‌కే అప్పగించవచ్చు. జీసీసీలో ఆల్వేస్ ఇన్‌లైన్ అనే గుర్తు పెట్టిన ఫంక్షన్‌ను నేరుగా పిలిచినచోట ఇన్‌లైన్ చేయలేకపోతే అది ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. కానీ ఇది కంపైలర్ లెక్కను పక్కకు నెట్టే ఆయుధం. కొలిచి చూసి, అవసరం తేలినచోటే వాడాలి.

లైనక్స్ కెర్నెల్ నేర్పిన పాఠం

కంపైలర్ లెక్క ఎలా తప్పగలదో, పరిశీలన దాన్ని ఎలా పట్టగలదో 2018లో లైనక్స్ కెర్నెల్‌లో తేలింది. అప్పట్లో వీఎంవేర్‌లో పనిచేస్తున్న నాదవ్ అమిత్, కెర్నెల్‌లోని చాలా చిన్న ఫంక్షన్లు కూడా ఇన్‌లైన్ కావడం లేదని గమనించారు. వాటిలో సోర్సు మధ్యలో నేరుగా రాసిన అసెంబ్లీ ముక్కలున్నాయి. అసెంబ్లీ ముక్క ఎంత పెద్దదో జీసీసీకి నిజంగా తెలియదు. అందులోని లైన్లను, సెమికోలన్లను లెక్కపెట్టి అన్ని సూచనలున్నాయని ఊహిస్తుంది. కెర్నెల్‌లో పొరపాటు దొరికినచోట ఆపడానికి వాడే ముక్కనే తీసుకుంటే, అక్కడ అమలయ్యేది యూడీ2 అనే 2 బైట్ల సూచన ఒక్కటే. మిగతా లైన్లన్నీ వేరే పట్టికలో సమాచారం రాసిపెట్టమనే ఆదేశాలు. జీసీసీ వాటినీ సూచనలుగా లెక్కగట్టి, ఫంక్షన్ పెద్దదనుకుని పక్కన పెట్టింది.

దీన్ని అసెంబ్లర్ మాక్రోలతో సరిదిద్దే ప్రయత్నం కెర్నెల్‌లో చేరింది, కానీ అదే ఏడాది చివర్లో వెనక్కి తీసుకున్నారు. అసలు పరిష్కారం కంపైలర్ వైపు నుంచి వచ్చింది. ఈ అసెంబ్లీ ముక్కను వీలైనంత చిన్నదిగానే లెక్కించు అని జీసీసీకి చెప్పే కొత్త రూపం 2019లో విడుదలైన జీసీసీ 9లో ఉంది. అసెంబ్లీ ముక్క ముందు ఇన్‌లైన్ అనే మాట చేరిస్తే చాలు. కెర్నెల్ కూడా దాన్ని వాడుకుంటోంది. కొన్ని ఫంక్షన్లు మెషీన్ కోడ్‌లో ఎలా తేలాయో ఒకరు ఓపికగా చూడడం వల్ల కంపైలర్‌కే కొత్త సౌకర్యం వచ్చింది.

వేగం కంటే పెద్ద విషయం

ఇంతవరకు చెప్పుకున్నది ఎక్కువగా వేగం గురించి. కానీ ఇన్‌లైనింగ్ తెలియకపోతే భద్రతకే ముప్పు వచ్చే సందర్భం ఒకటుంది. ఆపకూడని సర్వర్లలో కెర్నెల్ లోపాలను, యంత్రం నడుస్తుండగానే దిద్దుతారు. దీన్ని లైవ్ ప్యాచింగ్ అంటారు. దీనికి కావలసిన ఏర్పాటు 2015లో వచ్చిన లైనక్స్ 4.0లో చేరింది. లోపమున్న పాత ఫంక్షన్‌కు వచ్చే పిలుపులను సరిచేసిన కొత్త ఫంక్షన్ వైపు మళ్ళించడం దీని పద్ధతి. పిలుపు ఉంటేనే మళ్ళించగలం. ఆ ఫంక్షన్ ఎక్కడెక్కడ ఇన్‌లైన్ అయిందో అక్కడ పిలుపే లేదు, లోపమున్న కోడ్ నకలు మాత్రం ఉంది. ఫంక్షన్‌ను మార్చేశామని నిశ్చింతగా ఉంటే, ఆ నకళ్ళు పాత లోపంతోనే నడుస్తూ ఉంటాయి.

అందుకే రెడ్ హ్యాట్ కేప్యాచ్ లాంటి పనిముట్లు సోర్సు మార్పును మాత్రమే నమ్ముకోవు. ప్యాచ్‌కు ముందు, తర్వాత తయారైన ఆబ్జెక్టు ఫైళ్ళను పోల్చి, మెషీన్ కోడ్ మారిన ప్రతి ఫంక్షన్‌నూ ప్యాచ్‌లో చేరుస్తాయి. ఇన్‌లైన్ అయిన ఫంక్షన్‌ను దిద్దితే, దాన్ని తమలో కలుపుకున్న ఫంక్షన్ల కోడ్ కూడా మారుతుంది కాబట్టి అవన్నీ ఆ పోలికలో బయటపడతాయి. సోర్సులో ఒక్కచోట దిద్దిన తప్పు బైనరీలో ఎన్నిచోట్ల ఉందో తేలాకే ఆ దిద్దుబాటు పూర్తయినట్టు.